రెండు భాషలు, ఒక నిచ్చెన

ఫలక్‌నుమా వెళ్లే ఎంఎంటీఎస్ రైలు యాకుత్‌పురా దాటాక ఉప్పుగూడలో ఆగుతుంది. రైల్వే వాళ్ల ఇంగ్లీషు రాతలో ఆ పేరు 'హ'తో మొదలై హుప్పుగూడ అవుతుంది. పేరు దగ్గర నుంచే రెండు నోళ్లు వినిపించే హైదరాబాద్ ఓల్డ్ సిటీ పేట ఇది. ఒక ఇంటి గుమ్మంలోంచి "అరేయ్, అన్నం సల్లారుతుంది రా" అని పిలుపు వస్తే, గోడ అవతలి నుంచి "కైకూ రో రా రే" అని ఇంకో తల్లి కొడుకును సముదాయిస్తుంది. తెలుగులో మొదలైన బేరం దక్కనీ ఉర్దూలో తెగుతుంది. ఇలాంటి గల్లీలో పెరిగినవాళ్లకు జాకీ చాన్, క్రిస్ టక్కర్ జోడీ కట్టిన 'రష్ అవర్' కథను విడమరిచి చెప్పాల్సిన పని లేదు. మాట సరిగా కలవని ఇద్దరు ఒకే పని మీద పరుగెత్తడం వాళ్లు రోజూ చూసేదే.

1998లో వచ్చిన ఆ సినిమా కథ చిన్నది. లాస్ ఏంజెలెస్‌లో చైనా కాన్సుల్ కూతుర్ని ఎవరో ఎత్తుకుపోతారు. కాన్సుల్ తనకు నమ్మకమైన ఇన్‌స్పెక్టర్ లీని హాంకాంగ్ నుంచి పిలిపించుకుంటాడు. ఎఫ్‌బీఐకి ఈ పరాయి పోలీసు జోక్యం ఇష్టం ఉండదు. అతన్ని ఊరంతా తిప్పుతూ కేసు దరిదాపులకు రానివ్వకుండా చూసే పని నోరు మూతపడని లోకల్ డిటెక్టివ్ కార్టర్ నెత్తిన పడుతుంది. లీకి ఇంగ్లీషు రాదనుకుని కార్టర్ అరిచి అరిచి మాట్లాడతాడు. లీ వింటూ ఊరుకుంటాడు. అతనికి ఇంగ్లీషు వచ్చని కార్టర్‌కు తెలిసేసరికి ఆలస్యమవుతుంది.

ఆ సినిమాలో అన్నిటికంటే మంచి సన్నివేశంలో శత్రువే లేడు. ఒక చైనా హోటల్ బయట నిలబడి ఇద్దరూ నిఘా వేస్తుంటారు. పొద్దు పోదు. అమెరికా పాట ఒకటి పాడుకుంటూ కార్టర్ ఒళ్లు ఎలా ఊపాలో లీకి చూపిస్తాడు. ఎదుటివాడి చేతిలోని తుపాకీని రెప్పపాటులో ఎలా లాక్కోవాలో లీ కార్టర్‌కు నేర్పుతాడు. నాట్యపాఠం, యుద్ధపాఠం ఒకేసారి నడుస్తాయి. ఆ క్షణం నుంచి వాళ్లు స్నేహితులని ప్రేక్షకుడికి తెలిసిపోతుంది. అందుకు ఒక్క డైలాగూ అక్కర్లేకపోయింది.

సుమారు 3.3 కోట్ల డాలర్లతో తీసిన ఈ సినిమా ప్రపంచమంతా కలిపి 24 కోట్ల డాలర్ల పైచిలుకు వసూలు చేసింది. 2001లో రెండో భాగం, 2007లో మూడోది వచ్చాయి. దీని వెనక ఇంకో ముచ్చట ఉంది. కాలిఫోర్నియాలో సెన్ డువాంగ్ అనే యువకుడికి జాకీ చాన్ అంటే ప్రాణం. ఆ హీరో సినిమాలపై వచ్చిన సమీక్షలన్నీ ఒకచోట పోగేసి చూసుకోవాలన్న కోరికతో, 'రష్ అవర్' విడుదలను దృష్టిలో పెట్టుకుని అతను మొదలుపెట్టిన వెబ్‌సైటే రాటెన్ టొమాటోస్. ఇవాళ ప్రపంచంలో ఏ పెద్ద సినిమా వచ్చినా అక్కడ ఎన్ని శాతం వచ్చిందని చూస్తున్నారు. దాని పుట్టుక వెనక ఉన్నది ఒక అభిమాని ముచ్చటే.

పొసగని ఇద్దరిని ఒక కేసుకు కట్టిపడేసే కథలు అంతకు ముందే ఉన్నాయి. అకీరా కురోసావా 1949లో తీసిన 'స్ట్రే డాగ్'లో తుపాకీ పోగొట్టుకున్న కుర్ర పోలీసు, ఎండలో చెమట తుడుచుకుంటూ నెమ్మదిగా నడిచే సీనియర్ పోలీసు కనిపిస్తారు. 1982లో '48 అవర్స్' పోలీసు పక్కన ఖైదీని నిలబెట్టింది. 1987లో 'లీథల్ వెపన్' ఆ మూసను స్థిరపరిచింది. హాంకాంగ్ నుంచి వచ్చినవాళ్లు ఈ మూసలో కుంగ్‌ఫూ పోశారు.

ఇక్కడ తెలుగు ప్రేక్షకుడు తన ఇంటి సంగతి గుర్తు చేసుకోవచ్చు. జోడీ హాస్యం మనకు కొత్త కాదు. రేలంగి, రమణారెడ్డి పక్కపక్కన నిలబడితేనే సగం నవ్వు వచ్చేది. ఒకరు బొద్దు, ఒకరు పుల్ల. 1990ల్లో కోట శ్రీనివాసరావు, బాబూమోహన్ 'మామగారు' నుంచి మొదలుపెట్టి ఎన్నో సినిమాల్లో ఆ పీటలు అందుకున్నారు. అయితే మన సినిమాలో చాలాకాలం పని విభజన గట్టిగా ఉండేది. హీరో కొడతాడు, కమెడియన్ తన్నులు తింటాడు. కొట్టేవాడికి నొప్పి తెలియదు, నొప్పి తెలిసినవాడికి కొట్టడం రాదు. జాకీ చాన్ ఈ రెండు పాత్రలనూ ఒకే ఒంట్లో పెట్టాడు. గుద్దు గుద్ది, మరుక్షణం ఆ చేతినే దులుపుకుంటూ "అబ్బా" అంటాడు. తెర మీద వీరుడికి నొప్పి పుట్టడమే ఈ రకం సినిమాల ఆయువుపట్టు. నొప్పి కనపడితే ప్రేక్షకుడికి భయం పుడుతుంది. భయం పుట్టాక వచ్చే నవ్వు కడుపులోంచి వస్తుంది.

ఇది గాలివాటుగా అబ్బిన విద్య కాదు. 1954లో పుట్టిన జాకీ చాన్‌ను ఏడేళ్ల వయసులో హాంకాంగ్‌లోని పెకింగ్ ఒపెరా బడిలో చేర్చారు. యూ జిమ్-యువెన్ అనే గురువు దగ్గర పదేళ్లు ఉన్నాడు. సామో హంగ్, యువెన్ బియావ్ అక్కడి సహాధ్యాయులే. పాట, అభినయం, పల్టీలు, కర్ర, కత్తి అన్నీ ఒకే పాఠశాలలో, బెత్తం దెబ్బల మధ్య నేర్చుకున్నారు. మన సురభి నాటక కుటుంబాల్లో పిల్లలు నడక వచ్చీరాగానే రంగస్థలం ఎక్కే తీరు తెలిసినవారికి ఆ బడి వాతావరణం ఊహకు అందుతుంది. ఆట, పాట, పోరాటం వేర్వేరు విద్యలని అక్కడి పిల్లలకు ఎవరూ చెప్పలేదు. అందుకే పెద్దయ్యాక వాళ్ల కొట్లాటకు తాళం ఉంటుంది.

1985 నాటి 'పోలీస్ స్టోరీ' చివరి పోరాటం ఒక షాపింగ్ మాల్‌లో జరుగుతుంది. పగిలే అద్దాల కోసం మామూలుగా వాడేదానికన్నా మందమైన షుగర్ గ్లాస్ వాడారు. అది ఎంతలా పగిలిందంటే, యూనిట్ వాళ్లు ఆ సినిమాను 'గ్లాస్ స్టోరీ' అని పిలుచుకున్నారు. చివర్లో విద్యుద్దీపాలు చుట్టిన నిలువు స్తంభం పట్టుకుని కొన్ని అంతస్తులు జారినప్పుడు జాకీ చాన్ అరచేతులు కాలాయి. 1996లో వచ్చిన 'ఫస్ట్ స్ట్రైక్'లో అదే పోలీసు చేతికి ఒక నిచ్చెన దొరుకుతుంది. ఆ నిచ్చెనలోంచి దూరతాడు, దాన్ని మెడకు తగిలించుకుని తిరుగుతాడు, మూసి కొడతాడు, తెరిచి బంధిస్తాడు. ప్రతి ఇంట్లో గోడకు ఆనించి ఉండే వస్తువే. ఆ సినిమా చూసిన పిల్లవాడు మర్నాడు నిచ్చెనను మునుపటిలా చూడలేడు. కుర్చీ, గొడుగు, చీపురుకట్ట కూడా అంతే.

కెమెరా సంగతి కూడా చెప్పుకోవాలి. హాంకాంగ్ పద్ధతిలో కెమెరా వెనక్కి జరిగి, కొట్టేవాడిని, తినేవాడిని తల నుంచి కాలి దాకా ఒకే చట్రంలో చూపిస్తుంది. దెబ్బ తగిలిన చోట దగ్గరి షాట్‌కు మారేటప్పుడు అదే దెబ్బను కొన్ని ఫ్రేములు మళ్లీ చూపిస్తారు. కంటికి అది ఒక్క దెబ్బే, కానీ రెండింతల బరువుతో పడుతుంది. దెబ్బ తగిలే క్షణంలోనే కత్తిరించి, కెమెరాను ఊపేసి, చప్పుడుతో సరిపెట్టే సినిమాల్లో ఎవరు ఎవరిని కొట్టారో తెలియదు. తెలియనప్పుడు నవ్వూ రాదు. ఒక పోరాటానికి నెలలు వెచ్చించే అలవాటు ఉన్న జాకీ చాన్‌కు అమెరికాలో అంత సమయం దొరకలేదు. 'రష్ అవర్' తనకు అంతగా నచ్చలేదని తర్వాత ఆయనే చెప్పాడు. అయినా అందులోనూ ఒక చోట పాత జాకీ కనిపిస్తాడు. చివర్లో చైనా కళాఖండాల ప్రదర్శనలో దుండగులతో కలబడుతూ, మరోవైపు మనిషంత ఎత్తు పింగాణీ కూజాలు పడిపోకుండా కాచుకుంటాడు. చేతులు శత్రువు మీద, కళ్లు కూజా మీద.

తెలుగు తెర మీద యుద్ధవిద్యల వాసన చాలా ముందే తగిలింది. ఫైట్ మాస్టర్ జూడో రత్నం పేరులోనే విద్య ఉంది. కరాటే తెలిసిన సుమన్, భానుచందర్ 1984లో 'మెరుపు దాడి'లో కలిసి నటించారు. ఇద్దరు కరాటే హీరోలను పక్కపక్కన చూడటం అప్పటి కుర్రకారుకు పండగ. 'తమ్ముడు' లాంటి సినిమాలతో పవన్ కల్యాణ్ ఆ ముచ్చటను తర్వాతి తరానికి అందించారు. ఇక ఓల్డ్ సిటీలో హిందీ సినిమాది సొంతింటి వరస. 1994లో వచ్చిన 'మై ఖిలాడీ తూ అనాడీ' ఈ కోవకు అచ్చంగా సరిపోతుంది. పోలీసుగా అక్షయ్ కుమార్ ఒళ్లు విల్లులా వంచి తన్నుతుంటే, పాత్ర కోసం పోలీసు బతుకు నేర్చుకుంటానని వెంటపడే సినిమా హీరోగా సైఫ్ అలీ ఖాన్ అతని ప్రాణం తోడేస్తాడు.

ఆడవాళ్ల విషయంలో హాంకాంగ్ ఒక అడుగు ముందుంది. 1985 నాటి 'యెస్ మేడమ్'లో మిషెల్ యో, అమెరికన్ కరాటే చాంపియన్ సింథియా రాత్‌రాక్ జంట పోలీసులు. మిషెల్ యో నిజానికి బాలే నేర్చుకున్న అమ్మాయి. ఆ కాలి విద్యనే తన్నులోకి మళ్లించింది. ఐదేళ్ల తర్వాత మన విజయశాంతి 'కర్తవ్యం'లో ఖాకీ వేసుకుని జాతీయ ఉత్తమ నటి అయింది. అయితే ఆమెకు సమానంగా పక్కన నిలబడి కొట్లాడుతూ నవ్వించే మరో మహిళా పోలీసును తెలుగు సినిమా ఇవ్వలేదు. ఆ లోటు లోటే.

2022 నాటి 'ఆర్ఆర్ఆర్' హాస్య చిత్రం కాదు. కానీ ఈ జోడీ విద్యకు తెలుగువాళ్లు ఇచ్చిన గొప్ప ఉదాహరణ అందులోనే ఉంది. తెల్లదొరల కొలువులో పోలీసు అధికారి రామరాజు వంతెన మీద, మారుపేరుతో తిరుగుతున్న భీమ్ ఒడ్డున. నదిలో మంటల మధ్య ఒక పిల్లవాడు. ఇద్దరూ అంతకు ముందు ఒకరికొకరు తెలియదు. దూరం నుంచి చేతి సైగలు మాత్రమే. ఆ సైగలతోనే ఒకడు గుర్రం మీద, ఒకడు బైకు మీద చెరో వైపు దూకి తాడు మీద వేలాడతారు, పిల్లవాడు దక్కుతాడు. హోటల్ బయట లీ, కార్టర్ నేర్చుకున్న పాఠాన్ని వీళ్లు గాలిలో వేలాడుతూ నేర్చుకున్నారు. 2023 మార్చిలో 'నాటు నాటు'కు ఆస్కార్ వచ్చిన రాత్రే మిషెల్ యో ఉత్తమ నటి ఆస్కార్ అందుకుంది. ఒళ్లు వంచి ఆడినవాళ్లందరికీ అది మంచి రాత్రి.

నవ్వు వైపు నుంచి దగ్గరికొచ్చింది రితేష్ రాణా తీసిన 'మత్తు వదలరా 2'. 2014లో హైదరాబాద్‌లో మొదలైన, మహిళల భద్రత చూసే షీ టీమ్స్ పేరును తిప్పి 'హీ టీమ్' అనే దళాన్ని సృష్టించి, మొదటి భాగంలో డెలివరీ బాయ్స్‌గా ఉన్న శ్రీసింహా, సత్యలను అందులో చేర్చింది. ఒక పాత్ర పేరు బాబూమోహన్. పాత జోడీకి దండం పెట్టి మొదలైన కొత్త జోడీ అన్నమాట. సత్య ఒంట్లో ఎముకలు ఉన్నాయా అనిపించేలా వంగుతాడు. సినిమా బలం ఆ వంపుల్లో, మాటల్లో ఉంది తప్ప పోరాట విద్యలో లేదు. ఆ ఒక్కటీ కలిస్తే ఎలా ఉండేదో అన్న ఆశ మిగిలింది.

ఈ సినిమాల్లో పాతబడ్డవీ ఉన్నాయి. 'రష్ అవర్'లో చైనా వాళ్ల మీద కార్టర్ వేసే జోకులు కొన్ని ఇవాళ వింటే ఒళ్లు ముడుచుకుంటుంది. పోరాటాలు మాత్రం నిన్న తీసినట్టున్నాయి. యాస, ముఖం చూసి నవ్వే నవ్వు త్వరగా పులుస్తుంది. ఈ సంగతి హైదరాబాదీలకు ఒకరు చెప్పాలా? తెలంగాణ మాటను విలన్‌కో జోకర్‌కో అంటగట్టిన తెలుగు సినిమాలు వాళ్లు ఎన్ని చూశారు! అందుకే 2005లో 'ది అంగ్రేజ్' వచ్చినప్పుడు ఓల్డ్ సిటీ దాన్ని గుండెకు హత్తుకుంది. చార్మినార్ దగ్గర కూర్చునే ఇస్మాయిల్ భాయ్, ఎప్పుడూ కోతలు కోసే సలీం ఫేకూ దక్కనీలోనే మాట్లాడతారు, దక్కనీలోనే తన్నులు తింటారు. నవ్వించేదీ, కథ నడిపించేదీ వాళ్లే. ఊరివాళ్లు తమను తాము చూసుకుని నవ్వారు.

ఇన్నీ చూశాక ఉప్పుగూడకు తిరిగొస్తే, ఒక సినిమాకు కావలసిన సరంజామా ఇక్కడే పడి ఉంది. పక్కనే చాంద్రాయణగుట్ట దాటితే బార్కస్. నిజాం సైన్యంలో చేరిన హద్రమీ అరబ్బుల వారసుల బస్తీ అది. 'బ్యారక్స్' అన్న మాటే బార్కస్ అయింది. కుస్తీకి అక్కడ పెద్ద పేరు. వాళ్లతో వచ్చిన మర్ఫా డప్పు ఇవాళ మతం చూడకుండా ఓల్డ్ సిటీ పెళ్లిళ్లలో మోగుతుంది, దాని దరువుకు కుర్రాళ్లు కర్రలు తిప్పుతారు. ఆషాఢంలో ఉప్పుగూడ మహంకాళి గుడి, లాల్ దర్వాజా సింహవాహిని గుడి బోనాలతో నిండిపోతాయి. పోతరాజు కొరడా ఝళిపిస్తూ ఊగిపోతుంటే, ఘటాల ఊరేగింపు చార్మినార్ మీదుగా నయాపూల్ వైపు కదులుతుంది. రోడ్డుకు రెండు పక్కలా ఖాకీ బట్టలు నిలబడి ఉంటాయి.

ఆ వరసలో ఇద్దరిని ఊహించుకోండి. కుస్తీ తాలీంలో మట్టి రాసుకుని పెరిగిన దక్కనీ కానిస్టేబుల్ ఒకడు. గోదావరి జిల్లాల నుంచి కొత్తగా వచ్చిన, చిన్నప్పుడు కర్రసాము నేర్చిన ఎస్సై ఇంకొకడు. ఒకడు "నక్కో సార్" అంటాడు, రెండోవాడికి అది వద్దనడమో రమ్మనడమో తెలియదు. ఊరేగింపు జనంలో దొంగ జారుకుంటాడు. ఇరుకు గల్లీ, ఆరేసిన బట్టలు, సున్నం వేసేవాడు గోడకు ఆనించి వదిలేసిన వెదురు నిచ్చెన. తుపాకీ తీయడానికి వీల్లేదు, చుట్టూ తలల మీద బోనాలున్నాయి. ఒక్క కుండ కూడా కింద పడకూడదు. కానిస్టేబుల్ నిచ్చెన ఈ కొస పట్టుకుంటాడు, ఎస్సై ఆ కొస పట్టుకుంటాడు. దొంగ మధ్యలో.