ఇంట్లో కుందేలు ఉందా?



డిశ్చార్జి రోజున బంధువులు మమ్మల్ని పథ్యం గురించి, మాత్రల గురించి అడుగుతారు. ఈ మధ్య మరొక ప్రశ్న కూడా వినిపిస్తోంది. "ఇంట్లో పిల్లల కుందేలు ఉంది సిస్టరమ్మా, ఉంచుకోవచ్చా, ఎవరికైనా ఇచ్చేయాలా?" చాలా ఇళ్లలో ఉంచుకోవచ్చు. అయితే రోగిని చూసుకొనే హడావిడిలో ఆ జీవిని మరచిపోకూడదు.

ఒక మే నెలలో పక్షవాతం వచ్చిన తండ్రితో ఒక కుటుంబం సముద్రం వైపు ఊరి నుండి మా వార్డుకు వచ్చింది. కుందేలు రేకుల వసారాలో పెట్టెలో ఉంది. పక్కింటావిడ రెండు పూటలా నీళ్లు పెట్టింది. మూడో రోజు మధ్యాహ్నం అది చనిపోయింది. "నీళ్లు పెట్టమని చెప్పే వచ్చానే" అంటూ వాళ్ల అబ్బాయి వార్డు మెట్ల మీద కూర్చుని ఏడ్చాడు. తప్పు ఆ అబ్బాయిది కాదు, పక్కింటావిడదీ కాదు. నీళ్లు ఉన్నా వేడికి కుందేలు చనిపోతుందని వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

మనకు చెమట పట్టి ఒళ్లు చల్లబడుతుంది. కుందేలుకు అలా చెమట పట్టదు. పెద్ద చెవులలోని రక్తనాళాల ద్వారానే అది ఒంటి వేడిని ఎక్కువగా వదులుతుంది. గాలి 30 డిగ్రీలు దాటితే దానికి కష్టం మొదలవుతుంది. నెల్లూరు ఎండలు 40 దాటుతాయి, రేకుల కింద ఇంకా ఎక్కువ. చెమట పట్టని జీవికి ఫ్యాను గాలి వల్ల మనకు కలిగినంత మేలు ఉండదు. పెట్టెను పూరిపాకలోకో, చెట్టు నీడలోకో, ఇంటి లోపల చల్లటి గచ్చు మీదికో మార్చండి. గాలి వచ్చే వైపు తడి గోనెసంచి కట్టండి. సీసాలో నీళ్లు గడ్డకట్టించి గుడ్డ చుట్టి పక్కన ఉంచితే దానికి ఆనుకొని పడుకుంటుంది.

రొప్పుతూ, చొంగ కారుస్తూ, చెవులు కాలిపోతూ చాపలా పడి ఉంటే అది వడదెబ్బ. వెంటనే నీడకు చేర్చి చెవులను చల్లటి నీటితో తడపండి. ఐసు నీళ్లలో ముంచరాదు, నోట్లో బలవంతంగా నీళ్లు పోయరాదు. పశువుల ఆసుపత్రికి తీసుకువెళ్లండి.

ఫోనులో చూసి చించిల్లా కొనిపెట్టమని అడిగే పిల్లలు కూడా ఉన్నారు. అది దక్షిణ అమెరికా ఆండీస్ కొండల చలిలో పుట్టిన జీవి. ఈ తీరంలో ఏసీ లేని ఇంట్లో దానిని పెంచాలనుకోవడం మంచిది కాదు.

కుందేలు పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. గడ్డి నమిలితేనే అరుగుతాయి. కాబట్టి గరిక, ఎండుగడ్డి ముఖ్యాహారం. క్యారెట్టు చిన్న ముక్క చాలు. అన్నం, ఇడ్లీ, బిస్కెట్లు, పాలు వద్దు. కలుపు మందు కొట్టిన గట్ల మీద గడ్డి కోయకండి. మెత్తటి పెంటికలను తానే తింటుంది, అది జబ్బు కాదు. కానీ సగం రోజు ఏమీ తినకపోతే మాత్రం ప్రమాదం.

ఒక మాట గట్టిగా చెబుతున్నాను. మీకు రాసిచ్చిన మందుల్లో మిగిలిన అమాక్సిసిలిన్, ఆంపిసిలిన్ దానికి వేయకండి. మనల్ని కాపాడే ఆ మందే కుందేలు పేగులలోని మేలుచేసే సూక్ష్మజీవులను చంపి ప్రాణం తీస్తుంది.

ఇక మనుషుల సంగతి. కుందేలును ఎత్తుకొనే పిల్లల చేతుల మీద, పొట్ట మీద గుండ్రటి దురద మచ్చలు వస్తే అది తామర కావచ్చు. మెడికల్ షాపులో అడిగి స్టెరాయిడ్ కలిసిన ట్యూబు రాస్తే ముదురుతుంది. డాక్టరుకు చూపించండి, కుందేలుకూ వైద్యం చేయించండి. ఉబ్బసం ఉన్నవారికి బొచ్చు, గడ్డి దుమ్ము పడకపోవచ్చు. క్యాన్సరు మందులు ఎక్కించుకుంటున్నవారు, అవయవ మార్పిడి జరిగినవారు పెట్టె శుభ్రం చేయరాదు. ఆ పని ఇంట్లో వేరొకరు చేసి సబ్బుతో చేతులు కడుక్కోవాలి.

కరిచినా, గీరినా ధారగా పడే నీటి కింద సబ్బుతో 15 నిమిషాలు కడగండి. సున్నం, కారం, కాఫీపొడి పెట్టకండి. టి.టి. ఇంజెక్షను అవసరమా అన్నది ఆసుపత్రిలో చెబుతారు. కుందేలు కాటుకు రేబీస్ టీకా అరుదుగానే అవసరమవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అయినా ఆ కుందేలును కుక్కో, ముంగిసో కరిచి ఉంటే ఆ విషయం డాక్టరుకు తప్పక చెప్పండి.

సరుగుడు తోటల్లో దొరికే చెవులపిల్లి వేరే జాతి. అది అడవి జంతువు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దానిని పట్టి పెంచడం నేరం.

రోగిని చేర్పించే రోజున ఇంటి తాళం ఇచ్చేవారికి గడ్డి, నీళ్లతోపాటు నీడ సంగతి కూడా చెప్పి రండి. వార్డుకు మాత్రం తీసుకురాకండి. ఒకసారి ఒకావిడ క్యారియరు బుట్టలో దాచి తెచ్చింది. మంచాల కింద దానిని వెతికి పట్టుకొనేసరికి మాకు నైట్ డ్యూటీ అంతా సరిపోయింది.