క్యాంపు పెట్టిన మంత్రిగారు

డిగ్రీ రోజుల్లో ఎన్‌ఎస్‌ఎస్ క్యాంపు పేరుతో ఏదో పల్లెకు వెళ్లి పలుగు, పార పట్టినవాళ్లు మనలో చాలామందే ఉంటారు. సర్టిఫికెట్ కోసం వెళ్లినవాళ్లూ లేకపోలేదు. ఆ పథకం 1969 సెప్టెంబరు 24న, గాంధీ శతజయంతి వేళ, 37 విశ్వవిద్యాలయాల్లో 40,000 మంది విద్యార్థులతో మొదలైంది. దాన్ని ప్రారంభించిన కేంద్ర విద్యామంత్రి వి.కె.ఆర్.వి. రావు. మంత్రి కాకముందు ఆయన అర్థశాస్త్రం మాస్టారు.

పొడి అక్షరాలు విప్పితే విజయేంద్ర కస్తూరి రంగ వరదరాజ రావు. 1908 జులై 8న కాంచీపురంలో పుట్టారు.

కేంబ్రిడ్జిలో ఆయన చేసిన పరిశోధన ఏమిటో తెలుసా? బ్రిటిష్ ఇండియా ఏడాదికి ఎంత సంపాదిస్తోందో లెక్కగట్టడం. దాదాభాయి నౌరోజీ 1867-68కి తలసరి ఆదాయం 20 రూపాయలని తేల్చి ఉన్నారు. రావు ఇంకాస్త లోతుకు దిగారు. పొలాలు, గనుల విషయంలో ఎంత పండింది, ఎంత తవ్వారు అన్నది చూసి విలువ కట్టారు. వ్యాపారం, కొలువులు, వృత్తుల దగ్గర మనుషుల సంపాదననే కూడారు. 1931-32కి తలసరి తేలింది అరవై రూపాయల పైచిలుకు. నెలకు కాదు, ఏడాదికి! జాతీయాదాయం పాఠంలో ఆయన పేరు నేటికీ వస్తుంది.

ఆయన చదివేనాటికి కేంబ్రిడ్జిలో ఆర్థికవేత్త కీన్స్ హవా నడుస్తోంది. ఆ నీడలో చదువుకున్న మనిషే 1952లో ఒక వ్యాసం రాసి, కీన్స్ చెప్పిన గుణకం, అంటే పెట్టిన ఖర్చు కొన్ని రెట్ల ఆదాయాన్ని పుట్టిస్తుందన్న లెక్క, మన దేశానికి అతకదన్నారు. సర్కారు డబ్బు గుమ్మరిస్తే ఇంగ్లండులో మూతపడ్డ ఫ్యాక్టరీ తెరుచుకుంటుంది. ఇక్కడ రైతు చేతికి నాలుగు డబ్బులొస్తే ముందు ఇంటిల్లిపాదీ కడుపునిండా తింటారు, పంట మాత్రం రాత్రికి రాత్రే పెరగదు, పెరిగేది ధరలే. నా మటుకు నాకు ఆయన మంత్రి పదవికన్నా ఈ వ్యాసమే పెద్దది.

ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ 1949లో పుట్టింది ఆయన పూనికతోనే. తర్వాత అమర్త్యసేన్, మన్మోహన్ సింగ్ అక్కడ పాఠాలు చెప్పారు. ఢిల్లీ విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్‌గా ఉండగా, బరోడాలో ఉన్న సామాజిక శాస్త్రవేత్త ఎం.ఎన్. శ్రీనివాస్‌ను 1959లో పిలిపించి సోషియాలజీ శాఖ పెట్టించారు. ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఎకనామిక్ గ్రోత్ కూడా ఆయన చలవే.

ఐక్యరాజ్యసమితి ఉపసంఘానికి అధ్యక్షుడిగా, పేద దేశాలకు తేలిక షరతుల మీద అప్పులిచ్చే సంస్థ కావాలని 1949లోనే ప్రతిపాదించారు. సంపన్న దేశాలు పెదవి విరిచాయి. ఆ ఆలోచనే చేతులు మారి మారి 1960లో ప్రపంచబ్యాంకు గొడుగు కింద ఐడీఏగా తేలింది. తొలినాళ్లలో అది వడ్డీ లేకుండా, సేవారుసుము మాత్రం పుచ్చుకుని, 50 ఏళ్ల గడువుతో అప్పులిచ్చింది.

ఎన్నికల్లో దిగింది 1967లో, బళ్లారి నుంచి, కాంగ్రెస్ అభ్యర్థిగా. తెలుగు గట్టిగా వినిపించే ఊరది. గెలవగానే ఇచ్చిన శాఖ చదువులది కాదు, రవాణా, నౌకాయానం! విద్యాశాఖ చేతికొచ్చింది 1969లో. సామాజిక శాస్త్రాల పరిశోధన మండలి ఏర్పడిందీ ఆ ఏడాదే.

1971లో అదే బళ్లారి మళ్లీ గెలిపించింది గానీ మంత్రివర్గంలో చోటు దక్కలేదు. ఆయన ఖాళీగా కూర్చోలేదు. మరుసటి ఏడాదే బెంగళూరులో ఇంకో పరిశోధన సంస్థ, ఐసెక్, నెలకొల్పారు. అప్పటికి వయసు అరవై దాటింది.