గాలిని కొలుచు శాల

నేడు మన బిడ్డలెందరో విమానములెక్కి దూరదేశముల కేగుచున్నారు. ఆ విమానము గాలికి తట్టుకొనునని ముందుగా దెలియుటెట్లు?

బెంగుళూరు భారతీయ విజ్ఞాన సంస్థయందు 1942 లో వైమానికశాఖ స్థాపింపబడెను. ఆచార్య సతీష్ ధావన్‌గారు అమెరికాలోని కాల్టెక్ విద్యాలయమున డాక్టరు పట్టమును బొంది, 1951 లో ఇచ్చట జేరిరి. వేగముగా బారు గాలి, లోహపుఁ బలకను రాచుకొనుచు దాని నెంత బలముతో లాగునో నేరుగా గొలుచుట వారి తొలి పరిశోధన.

కొలుచుటకు ఆకాశమున కెగయ నక్కరలేదు. చిన్న నమూనాను సొరంగమున నిలిపి, దానిపై గాలిని వీచునట్లు చేయుదురు. నమూనా చిన్నదగుటచే లెక్కలను మాత్రము సవరించుకొనవలెను. అచ్చట వణకినచో నష్టము బొమ్మకే. ఆకాశమున వణకినచో లోనివారి ప్రాణములకు.

ధ్వనిని మించిన వేగమునకై ధావన్‌గారు నిర్మించిన మొదటి సొరంగపుఁ గొలత 1 అంగుళము, 3 అంగుళములు మాత్రమే! మన వంటయింటి పొగగూడైన నంతకన్న పెద్దది. పిమ్మట 14 అడుగుల వెడల్పు, 9 అడుగుల యెత్తుగల మందగతి సొరంగమును వెలసెను. అందు విమానముల నమూనాలే గాక కట్టడముల నమూనాలును పరీక్షింపబడినవి.

పులికాటు సరస్సుచెంత శ్రీహరికోట కేంద్రమునకు 2002 లో ధావన్‌గారి పేరిడిరి. ఆయన పక్షుల యెగురు తీరునుగూర్చియు గ్రంథమొకటి వ్రాసిరి.