పందెపు కారు: బోల్టు నుండి స్టడ్డునకు

ఫోక్స్‌వాగన్, ఆడీ, బి.ఎం.డబ్ల్యు. మున్నగు జర్మను కారులలో చక్రమును హబ్బునకు బోల్టులతో బిగించుట చిరకాలముగా వచ్చుచున్న సంప్రదాయము. హబ్బులో మరలు చెక్కిన రంధ్రములుండును. చక్రపు రంధ్రముల గుండా బోల్టులను దూర్చి ఆ మరలలోనికి త్రిప్పుదురు. జపాను, అమెరికా దేశముల కారులలో పెక్కింటియందు ఇందుకు భిన్నముగా స్టడ్డులు హబ్బు నుండి బయటికి పొడుచుకొని యుండును. చక్రమును వానికి తగిలించి, పైనుండి నట్టులు బిగింతురు. మన వీధులలో తిరుగు మారుతి కారు చక్రమును, పోలో కారు చక్రమును ఒకసారి ఊడదీసి చూచినవారికి ఈ భేదము స్పష్టముగా గోచరించును. నిత్యప్రయాణమునకు రెండు పద్ధతులును సమానముగా నమ్మదగినవే. అయినను, 1998లో వెలువడిన బి.ఎం.డబ్ల్యు. ఇ46 వంటి కారును పందెపు బాటపైకి దింపువారు తొలుత చేయు మార్పులలో ఒకటి, ఆ బోల్టులను తీసివైచి హబ్బులో స్టడ్డులను నాటుట. దీని హేతువు తెలియవలెనన్న, అసలు చక్రమును పట్టియుంచునది యేదో ముందుగా గ్రహింపవలెను.

కారు బరువంతయు ఆ ఐదు బోల్టులపై వ్రేలాడుచున్నదనియు, బ్రేకు వేసినపుడు వానిని అడ్డముగా కోయుటకు యత్నించు బలమును బోల్టు ఉక్కే ఓర్చుకొనుచున్నదనియు చాలమంది తలంతురు. అది సరికాదు. బోల్టును బిగించినపుడు అది పొడవునా సాగును. సాగిన ఉక్కు తిరిగి కుంచించుకొనుటకై చక్రమును హబ్బునకు అదిమి పట్టును. ఆ అదుముడు వలన రెండు తలముల నడుమ పుట్టు ఘర్షణయే చక్రమును కదలనీయక నిలుపును. ఇ46 కారు బోల్టు వ్యాసము 12 మిల్లీమీటర్లు. దానిని బిగింపవలసిన మేర 120 న్యూటను-మీటర్లు. మరలు పొడిగా, శుభ్రముగా ఉన్నయెడల ఒక్కొక్క బోల్టు ఉజ్జాయింపుగా 5 టన్నుల బలముతో లాగును. ఐదును కలిసి 25 టన్నులు. ఇందులో ఘర్షణగా మారునది, తక్కువగా లెక్కించినచో, 15 శాతము, అనగా దాదాపు 3.75 టన్నులు. ఇక కఠినముగా బ్రేకు వేసినపుడు ముందు టైరును నేల 700 కిలోల బలముతో వెనుకకు లాగినదనుకొందము. టైరు వ్యాసార్ధము సుమారు 31 సెంటీమీటర్లు. బోల్టులు అమరియున్న వృత్తపు వ్యాసార్ధము 6 సెంటీమీటర్లు మాత్రమే. కావున ఆ 700 కిలోలే బోల్టుల వృత్తము చెంత 3.6 టన్నులగును! లెక్క మోటుదే కావచ్చును. ఐనను ఐదింటిలో రెండు సడలినచో ఏమగునో దీనివలన ఊహింపవచ్చును. బిగువు తగ్గిన చక్రము హబ్బుపై కొలదికొలదిగా జరుగును. అపుడే బోల్టు నిజముగా అడ్డకోతకును వంపునకును లోనగును.

ఇంతటి బలమును పుట్టించు ఆ సాగుదల యెంతయో తెలిసినచో ఆశ్చర్యము కలుగక మానదు. బోల్టులో స్వేచ్ఛగా సాగు భాగము పొడవు 20 మిల్లీమీటర్లనుకొన్న, 5 టన్నుల బలమునకు అది సాగునది మిల్లీమీటరులో ఇంచుమించు ఇరువదవ వంతు, మానవకేశపు మందమునకు మించదు. ఇందువలననే చక్రమునకును హబ్బునకును నడుమ రంగుపొర గాని, త్రుప్పు గాని ఉండరాదు. బ్రేకుల వేడికి మెత్తబడి, ఒత్తిడికి నలిగి ఆ పొర ఏ మాత్రము పలుచబడినను, అంతమేరకు బోల్టు సాగుదలయు తగ్గిపోవును. బిగువంతయు మాయమగుటకు కేశమాత్రము చాలును.

పందెపు బాటపై ఈ బిగువునకు శత్రువులు పెక్కు. వీథిలో తిరుగు కారు చక్రమును ఏడాదికి ఒకటి రెండుసార్లు విప్పుదుమేమో. పందెపు కారునకు ఒక్క వారాంతములోనే అనేక పర్యాయములు విప్పవలసివచ్చును. బిగించిన ప్రతిసారియు, మనము వెచ్చించు శ్రమలో పదవ వంతు మాత్రమే బోల్టును సాగదీయుటకు ఉపయోగపడి, తక్కినదంతయు బోల్టు తల క్రిందను, మరలలోను రాపిడికి ఆహుతి యగును. బోల్టుల పద్ధతిలో ఆ రాపిడికి అరుగునది హబ్బులోని మరయే. బోల్టు చవుక, హబ్బు ప్రియము. ఇ46 ముందు హబ్బు బేరింగుతో ఏకమైయుండును. వెనుక హబ్బును పెరికినచో బేరింగు దాదాపుగా పాడగును. ఒక్క మర పోయినందుకు ఇంత విప్పవలసివచ్చుట న్యాయము కాదని నా అభిప్రాయము. స్టడ్డును నాటినచో హబ్బు మర ఒక్కమారే పనిచేసి ఊరకుండును. అటుపై అరుగుదల యంతయు నట్టునకును స్టడ్డు బయటి మరకును చెందును, అవి రెండును సులువుగా మార్చదగినవి.

రెండవ ప్రయోజనము కాలమునకు సంబంధించినది. బోల్టుల కారునకు బరువైన చక్రమును చేత ఎత్తిపట్టి, కాగియున్న బ్రేకు డిస్కు చెంత రంధ్రములను సరిచూచుకొనుచు తొలి బోల్టును దూర్చుట తొందరలో మిక్కిలి కష్టము. మర అడ్డముగా ఎక్కు ప్రమాదమును కలదు. స్టడ్డులున్నచో చక్రము వానిపై వ్రేలాడును, డిస్కు కదలదు. అమెరికాలోని నాస్కార్ కప్ పందెములలో 2021 వరకు చక్రమునకు ఐదేసి నట్టులుండెడివి. నట్టులను ముందుగనే జిగురుతో చక్రమునకు అంటించి, స్టడ్డుల కొనలను మర లేక నునుపుగా ఉంచి, వానిపై చక్రమును త్రోసిన క్షణములోనే యంత్రపు స్పానరుతో వరుసగా బిగించెడివారు. 2022లో వచ్చిన కొత్త కారులకు మధ్యనొకే పెద్ద నట్టు కావున ఆ విద్య అంతటితో ముగిసినది. చక్రమును వెలుపలికి జరుపుటకు స్పేసరు వాడువారికి వేరొక లాభము: బోల్టులైనచో, స్పేసరు మారిన ప్రతిసారి కొత్త పొడవుగల బోల్టు కావలెను; పొడవైన స్టడ్డునకు హబ్బులోని పట్టు ఎన్నటికిని మారదు.

మార్పు చేయు విధమునందు చూపవలసిన శ్రద్ధ తక్కువది కాదు. హబ్బు రంధ్రములలోని పాత నూనెను, మడ్డిని పూర్తిగా తుడిచి, ఉష్ణమునకు తాళు రకపు మరజిగురు పూసి, స్టడ్డును మితమైన బలముతో మాత్రమే బిగించి జిగురు గట్టిపడువరకు వేచియుండవలెను. హబ్బు మందము అనుమతించినంతవరకు స్టడ్డు అందులో దిగవలెను. దాని వ్యాసమునకు సమానమైన లోతు కనీసపు హద్దు. కాని వెనుకవైపునకు పొడుచుకొని వచ్చి, చేతిబ్రేకు భాగములకో, చక్రవేగమును కొలుచు సెన్సారునకో తగులరాదు. బిగించిన పిమ్మట చక్రమును చేత త్రిప్పి చూచుట తప్పనిసరి. నట్టు పట్టును తేలికగా తెలిసికొను ఉపాయ మున్నది: మర అడుగు 1.5 మిల్లీమీటర్లైనపుడు నట్టు పూర్తిగా ఎనిమిది చుట్లు తిరిగినచో 12 మిల్లీమీటర్ల పట్టు దొరికినట్లే. నట్టు ముఖమునకును చక్రపు రంధ్రమునకును ఆకారము కలియవలెను. బి.ఎం.డబ్ల్యు. చక్రములకు 60 డిగ్రీల శంఖువు. ఫోక్స్‌వాగన్ వారి చక్రములకు గోళాకారపు ఆసనము. ఒకదానికి వేరొకదానిని పెట్టినచో సన్నని రేఖపైననే ఒత్తిడి పడి, లోహము నలిగి, బిగువు పోవును.

మరలకు నూనె పూయవలెనను కోరికను గట్టిగా అణచుకొనవలెను. నూనె వలన రాపిడి తగ్గి, అదే 120 న్యూటను-మీటర్లకు 5 టన్నులకు బదులు 8 టన్నులకు మించిన లాగుడు పుట్టవచ్చును, 10.9 అను శ్రేణికి చెందిన 12 మిల్లీమీటర్ల ఉక్కు శాశ్వతముగా సాగిపోవుట కూడ సుమారు 8 టన్నుల దగ్గరనే. అట్లు సాగిన స్టడ్డు చూపునకు చక్కగానే కనబడి, తరువాత మోసగించును.

ఇక అలసట. లోహము ఒక్క పెద్ద దెబ్బకు విరుగకున్నను, చిన్న బలములు మరల మరల పడినచో విరుగునని లోకమునకు కఠినముగా తెలియజేసినది 1842లో వెర్సాయ్ రైలు మార్గమున ఇరుసు విరిగి జరిగిన ప్రమాదము. తరువాత జర్మనీలో ఆగస్ట్ వోలర్ రైలు ఇరుసులపై ప్రయోగములు చేసి ఈ విషయమును శాస్త్రముగా నిలబెట్టెను. విచిత్రమేమన, తగినంత గట్టిగా బిగించిన స్టడ్డుపై చక్రభ్రమణముచే పడు హెచ్చుతగ్గులు స్వల్పము. వదులైన స్టడ్డుపైననే అవి పూర్తిగా పడును. ఏ స్టడ్డు ఎపుడు వదులై తిరిగినదో పైకి తెలియదు కనుకనే, స్టడ్డులను ఎంతకాలము వాడితిమో వ్రాసియుంచుకొని, నియమిత కాలమున నిర్దయగా మార్చివేయుదురు. ఒకటి విరిగినచో ఆ హబ్బులోని మిగిలినవానిని నమ్మక ఐదింటిని మార్చుదురు. చక్రము తొడిగి కొన్ని చుట్లు తిరిగి వచ్చిన పిదప, డిస్కు చల్లారనిచ్చి, టార్కు రెంచితో మరల సరిచూతురు. అల్యూమినియపు చక్రము ఉక్కుకంటె రెండింతలు వ్యాకోచించును గనుక, వేడిమీద చూచిన బిగువు కొలత నిజమైనది కాదు.