బంగారం తవ్వినవాళ్ళకు సెంటు నేల లేదు

చదువుకున్న పిల్లలు ఊరొదిలి పోవడం మా సంగం జాగర్లమూడికి కొత్త కాదు. తెనాలి చుట్టుపట్ల ఏ ఊళ్ళో అడిగినా హైదరాబాదనో, అమెరికా అనో చెబుతారు. మావాడు బెంగుళూరులో ఉన్నాడు. పొలం కౌలుకిచ్చాం. ఎకరానికి ఇన్ని బస్తాలని ఏటా వస్తాయి. వాడు ఎప్పుడు తిరిగొచ్చినా కాళ్ళు మోపడానికి మాగాణి ఉందన్న ధీమాతోనే పంపాం.

ఆ ధీమా లేని వలస సంగతి, మావాడితో కలిసి పనిచేసే కుర్రాడు చెబితే తెలిసింది. అతనిది కోలారు బంగారు గనుల్లోని మారికుప్పం. ఇంట్లో అరవం, అవ్వతో చిత్తూరు తెలుగు, ఆఫీసులో కన్నడం.

"తెల్లారకముందే రైలెక్కల్ల అంకుల్. బెంగుళూరులో బాడుగ కట్టేకి మావల్ల కాదు. మా లైన్లో వయసు పిల్లోళ్ళంతా ఆ రైల్లోనే ఉంటారు" అన్నాడు. లైనంటే గని కార్మికుల వరస ఇళ్ళు.

ఆ గనుల ఊరి వైభవం చిన్నది కాదు. 1880లో జాన్ టేలర్ కంపెనీ తవ్వకం మొదలుపెట్టింది. శివసముద్రం జలవిద్యుత్ కేంద్రం నుంచి 1902లోనే అక్కడికి కరెంటు వచ్చింది, బెంగుళూరు కంటే ముందు. చాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్ల లోతు దాటింది. ఆ వేడిలో, రాళ్ళు పేలే భయంలో, ఊపిరితిత్తుల్ని రాతిదుమ్ము తినేస్తుంటే తమిళులూ తెలుగువాళ్ళూ తరాలుగా తవ్వారు. మొత్తం సుమారు 800 టన్నుల బంగారం తీశారు. లోతుకు పోయేకొద్దీ ఖర్చు పెరిగింది, టన్ను రాయిలో దొరికే బంగారం తగ్గింది. ప్రభుత్వరంగ సంస్థ భారత్ గోల్డ్ మైన్స్ 2001 ఫిబ్రవరి 28న గనులు మూసేసింది.

నన్ను కలచివేసింది మూసివేత కాదు. ఖనిజం ఏనాటికైనా అయిపోయేదే. ఇల్లు కంపెనీది, ఆసుపత్రి కంపెనీది, నీళ్ళూ కరెంటూ కంపెనీవే. నూటఇరవై ఏళ్ళు చాకిరీ చేసిన కుటుంబాలకు జీతం ఒక్కటే సొంతం. అదీ ఒక్కరోజుతో ఆగిపోయింది. మా దగ్గర ధర లేని ఏడు రైతు అప్పులపాలవుతాడు, నిజమే. అయినా మరుసటేడు నారు పోస్తాడు. వాళ్ళకు ఆ మరుసటేడు లేదు.

గనుల పక్కన, సైనైడుతో బంగారం తీసేసిన మట్టి దిబ్బలు మిగిలాయి. దాదాపు 3.3 కోట్ల టన్నుల మట్టి. గాలి లేస్తే ఆ దుమ్ము ఇళ్ళలోకే వస్తుందట. అందులో మిగిలిన బంగారం తీయడానికి 2024 జూన్‌లో కర్ణాటక మంత్రివర్గం ఒప్పుకుంది. మంచిదే. కాని దిబ్బల్ని ఎత్తిపోసేది యంత్రాలు. ఒకప్పుడు వేలమందిని పోషించిన గని కాదది. ఆ రాబడిలోంచి ముందు ఆ లైన్ల ఇళ్ళకు పట్టాలివ్వాలి. ఆ పిల్లలు తెల్లారకముందే రైలెక్కే అవసరం లేకుండా గనుల పట్టణం రాబర్ట్‌సన్‌పేటలోనే పని పుట్టించాలి. దిబ్బల లెక్క టన్నుల్లో రాసుకున్నవాళ్ళు ఈ ఇళ్ళ లెక్కా రాసుకోవాలని నా కోరిక.