మంత్రాలయం చెట్లకు రిజిస్టరు అవసరం
తుంగభద్రా తీరాన ఉన్న మంత్రాలయం 2009 అక్టోబరు వరదలో నీట మునిగింది. ఇటువంటి విపత్తు అనంతరం ఏ చెట్లు పోయినవో, ఏవి తట్టుకొని నిలిచినవో తేల్చుటకు ముందస్తు నమోదు ఒక్కటే ఆధారం.

2002 జీవవైవిధ్య చట్టం స్థానిక సంస్థలకు ఈ నమోదు బాధ్యతను అప్పగించింది. ప్రజా జీవవైవిధ్య రిజిస్టరులో పొలాలు, అడవులతోపాటు వీధి చెట్లకూ చోటుండాలి.

వేప, రావి, కానుగ వంటి ప్రతి చెట్టుకు స్థానిక నామం, శాస్త్రీయ నామం, స్థలం, 1.37 మీటర్ల ఎత్తున కాండం చుట్టుకొలత, పూతకాలం, పరిశీలన తేదీ వ్రాయాలి. విదేశీ జాతియైన సర్కారు తుమ్మను వేరుగా చూపాలి. లేనిచో దాని వ్యాప్తి కూడా పచ్చదనపు లెక్కలో చేరును.

విద్యార్థులు ఏటా అవే చెట్లను పరిశీలించి, ఫలితాలను పంచాయతీలో తెలుగున ప్రదర్శించినచో, నాటవలసిన జాతుల ఎంపికకు అవి దారి చూపును.