ఫిబ్రవరి 6న మూగబోయిన కుంచె

ఫిబ్రవరి 6 అనగానే సినిమా పిచ్చి ఉన్న మన కుర్రకారుకి ఏం గుర్తొస్తుంది? ఇంకేముంది... తెలుగు టాకీ పుట్టినరోజు! 1932లో ఆ రోజే ‘భక్త ప్రహ్లాద’ బొంబాయి కృష్ణా సినిమాలో విడుదలైంది. మన బొమ్మకి మాటొచ్చిన రోజన్నమాట.

సరిగ్గా దానికి ఏడేళ్ళ ముందు, 1925 ఫిబ్రవరి 6న, ఒక తెలుగు కుంచె మూగబోయింది. ఆ కుంచె పట్టినవాడు దామెర్ల రామారావు. ఇంకో నెల బతికితే 28 ఏళ్ళు నిండేవి!

1897 మార్చి 8న రాజమండ్రిలో పుట్టిన ఈ కుర్రాడికి చదువుకంటే గీతల మీదే ధ్యాస. అదృష్టం చూడండి... అక్కడి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే దొరగారు స్వయంగా చిత్రకారుడు. కుర్రాడిలోని నిప్పుని ఇట్టే పసిగట్టాడు. ఆ ప్రోత్సాహంతోనే 1916లో రామారావు బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్స్‌లో చేరాడు.

చదువైతే అబ్బింది గానీ మనసు కుదుటపడితేగా! ఒకవైపు ఉన్నది ఉన్నట్టు దింపే దొరల పద్ధతి. ఇంకోవైపు కలలోలా మసకమసకగా తేలిపోయే బెంగాలు పద్ధతి. ‘మరి మన తెలుగుదనం ఎక్కడ?’ ఇదీ ఆయన్ని నిలవనివ్వని బాధ. జవాబు వెతుక్కుంటూ దేశం తిరిగాడు. అజంతా గోడల ముందు నిలబడ్డాడు. చివరికి ఆ జవాబు ఇంటి ముందరి గోదావరి గట్టునే దొరికింది! మన ఆడవాళ్ళ నడక, చీరకట్టు, కొప్పున పూలు, ఆ కొండలు, ఆ నీళ్ళు... అవే ఆయన బొమ్మలయ్యాయి.

1922లో కలకత్తా ప్రదర్శనకి ‘ఋష్యశృంగ బంధనం’ పంపాడు. ఆడగాలి సోకని మునికుమారుణ్ణి వలలో వేసుకునే కథ మీకు తెలిసిందేగా! ఆ బొమ్మకి వైస్రాయి బహుమతి దక్కింది. 1924లో లండన్ దగ్గర వెంబ్లీలో జరిగిన భారీ ప్రదర్శన దాకా ఆయన పేరు పాకింది.

అయితే పేరు రాగానే బొంబాయిలోనో కలకత్తాలోనో మకాం పెట్టలేదు. సొంతూళ్ళోనే చిత్రకళాశాల తెరిచి పిల్లలకి బొమ్మలు నేర్పాడు. భార్య సత్యవాణి, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ కూడా కుంచె పట్టారు. ఆ రోజుల్లో ఇదేమైనా చిన్న సంగతా?

అంతలో వచ్చింది మశూచి. ‘అమ్మవారు’ అంటేనే ఊళ్ళకి ఊళ్ళు వణికిన కాలమది. ఆ మహమ్మారి మన దేశం నుంచి తొలగిపోయిందని ప్రకటించింది 1977లో. రామారావుకి అది అర్ధశతాబ్దం ఆలస్యం!

స్నేహితులు మాత్రం బడిని చావనివ్వలేదు. వరదా వెంకటరత్నం ఆ భారాన్ని భుజాన వేసుకున్నాడు. ఇక కూల్డ్రే దొరగారి మరో శిష్యుడు అడివి బాపిరాజు ఏం చేశాడో తెలుసా? 1936లో ‘ధ్రువ విజయం’, ‘అనసూయ’ చిత్రాలకి కళాదర్శకుడయ్యాడు! అంటే ఆ గోదావరి గట్టు రంగులు మన స్టూడియోల్లోకీ నడిచొచ్చాయన్నమాట. రామారావు బతికుంటే ఏ సెట్టు ముందు నిలబడి ‘ఇందులో తెలుగుదనం ఏదీ?’ అని నిలదీసేవాడో!

ఆ ప్రశ్న ఇప్పటికీ పాతబడలేదు. తెరమీద కోట్లు కుమ్మరించి కట్టిన రాజమందిరం చూసినప్పుడు మీరూ ఒక్కసారి వేసి చూడండి.

రాజమండ్రిలో ఆయన పేర చిత్రశాల ఉంది. 30కి పైగా తైలవర్ణ చిత్రాలు, 100కి పైగా నీటిరంగు చిత్రాలు, లెక్కలేనన్ని పెన్సిలు గీతలు... అన్నీ ఏడెనిమిదేళ్ళ పంట! ఆ రంగులు వెలిసిపోతున్నాయని కళాభిమానులు చాలాకాలంగా మొత్తుకుంటూనే ఉన్నారు. సినిమా పాడైతే ఇంకో ప్రింటు తీయొచ్చు. కాన్వాసుకి రెండో ప్రింటు లేదుగా!

ఉరుకుంద ఈరన్న స్వామి దర్శనానికి కదిలినంత హుషారుగా, ఆదోని, ఎమ్మిగనూరు కుర్రాళ్ళూ! ఒక్కసారి అటు గోదావరి వైపు కూడా కదలండి. వచ్చే ఫిబ్రవరి 6న సినిమా పుట్టినరోజు కేకు కోసేటప్పుడు, ఆ 27 ఏళ్ళ కుర్రాణ్ణీ ఓ క్షణం తలుచుకోండి.